పదిహేడో మడి చిక్కుడు

ఉద్యోగం వదిలి ఏడేళ్లయినా ఆయన్ని చుట్టుపక్కల నాలుగు వీధుల వాళ్లూ కండక్టర్ అనే అంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. పెళ్లికి పిలిస్తే భోజనాల గుమ్మం దగ్గర నిలబడి "లోపలికి జరగండి, లోపల ఖాళీ ఉంది" అనే మనిషిని ఇంకేమని పిలుస్తారు? ఆయనకు రెండు చూస్తే ఒళ్లు మండుతుంది. ఒకటి ఖాళీ సీటు, రెండోది మురికి సీటు. ముప్పై ఏళ్లు బస్సులో నిలబడి పట్టుకున్న ఈ రోగం రిటైరయ్యాక మొక్కల మీదికి మళ్లింది.

మొక్కలంటే ఇంటి పెరట్లోవి కావు. ఆయన పనిచేసిన బస్సు డిపో ఊరి చివరికి మారిపోయాక, ఆ స్థలం చాలాకాలం పాత టైర్లకూ పిచ్చిమొక్కలకూ కాపురంగా ఉండేది. అక్కడ దుకాణాల భవనం లేస్తుందని కొందరు, కార్లు నిలిపే జాగా అవుతుందని కొందరు చెప్పుకున్నారు. మున్సిపాలిటీ వాళ్లకి ఏ వేళ ఏం బుద్ధి పుట్టిందో గాని, దాన్ని నలభై మడులుగా కొలిచి, పక్క వీధుల వాళ్లకి కూరగాయలు పండించుకోమని ఇచ్చేశారు. గేటు పక్కన బస్సులు వరసగా నిలబడే సిమెంటు జాగాలో శనివారం పొద్దున సంత. అక్కడ పండించినవాళ్లే కూర్చుని అమ్మాలి. మొదటి ఏడాది పార దింపితే మట్టి వాసన రాలేదు, డీజిల్ వాసన వచ్చింది. బండ్లకొద్దీ కొత్త మట్టి తెచ్చి పోసుకుని, రెండేళ్లు తంటాలు పడితే గాని పాలకూర ఆకు పాలకూర రంగులోకి రాలేదు. ఇదంతా జరిగి పన్నెండేళ్లయింది. కండక్టర్ అప్పట్లో డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చి నీళ్లు పోసేవాడు. ఇప్పుడు తోట కమిటీకి ఆయనే పెద్ద.

మడి ఎవరి సొంతమూ కాదు. ఏడాదికోసారి అధికారి వచ్చి నలభై మడులూ చూస్తారు. ఎండిపోయి, దిక్కూదివాణం లేకుండా వదిలేసినట్టు కనిపించిన మడిని వెనక్కి తీసుకుని, పేరు రాయించుకుని ఎదురుచూస్తున్న వాళ్లలో ఒకరికి ఇచ్చేస్తారు. అలా ఎదురుచూసేవాళ్లు అరవై మందికి పైనే ఉన్నారు. ఈ నిబంధనంటే కండక్టర్‌కి మహా ఇష్టం. వాడని సీటు లేచి ఇచ్చేయాలి, అంతే కదా.

పదిహేడో మడి టైలరక్కది. అరవై దాటిన మనిషి. భర్త పోయి పదిహేనేళ్లయింది, పిల్లలు లేరు. వీధి మలుపులో రెండు గదులు, ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో మంచం, పొయ్యి. ఆవిడ మడిలో పండేది ఒకే ఒక్క గొప్ప పంట, ఊదా అంచు చిక్కుడు. కాయ అరచేతి పొడవు, అంచున ఎవరో రంగు దారంతో కుట్టినట్టు ఊదా గీత. శనివారం సంతకి జనం దూరం నుంచి వచ్చేది దానికోసమే. ఎనిమిదయ్యేసరికి చిక్కుడు బుట్టలు ఖాళీ.

టైలరక్క ఒక్కతే పండిస్తే అంత గిరాకీకి ఎక్కడ చాలుతుంది? నలభై మడుల్లోనూ అదే చిక్కుడు. నాటే రోజులు రాగానే ఆవిడ గుమ్మం ముందు నలభై ఇళ్ల వాళ్లూ హాజరు. కుట్టగా మిగిలిన గుడ్డ ముక్కలతో చిన్న చిన్న సంచులు కుట్టి, ఒక్కో సంచిలో రెండు గుప్పెళ్ల విత్తనాలు పోసి ఉంచేది. వచ్చినవాళ్లని కూర్చోబెట్టేది. నీ కూతురికి నొప్పి తగ్గిందా, మీ ఆయన సిగరెట్లు మానాడా, ఆ గళ్ల చొక్కా ఎందుకు తొడిగావు నీ ఒంటికి అది గోనెసంచిలా ఉంది, ఇలా ఒక్కొక్కరితో ఒక్కో గంట. సంచి చేతికి వచ్చేసరికి దీపాలు వెలిగేవి. ఆ విత్తనం ఎలా తయారవుతుందని మాత్రం ఎవరూ అడగలేదు. బస్సు కదిలితే చాలు గాని, డీజిల్ ఎవరు పోశారని ఏ ప్రయాణికుడు అడుగుతాడు?

ఈ ఏడాది చిక్కుడు కాపు ముగిసే రోజుల్లో, సబ్బు నీళ్లు ఒలికిన మెట్టు మీద కాలు జారి టైలరక్క తుంటి ఎముక విరిగింది. నొప్పితో ఆవిడ మాట పలికే స్థితిలో లేదు. ఆపరేషను చేసి మూడు వారాలు ఆస్పత్రిలోనే ఉంచాలన్నారు. సరిగ్గా మూడో వారంలో గేటుకి నోటీసు అంటించారు. గురువారం తనిఖీ. పాత అధికారి బదిలీ అయిపోయాడు, కొత్తావిడ వస్తోంది. ఆవిడ మహా కచ్చితమని, పక్క పేటలో ఇప్పటికే ఐదు మడులు లాగేసుకుందని కబురు ముందే చేరింది.

మంగళవారం సాయంత్రం కండక్టర్ పదిహేడో మడి దగ్గరికి వెళ్లి చూశాడు. పాదు నిలువునా ఎండిపోయింది. ఆకులు రాలి, కర్రలకి చుట్టుకున్న తీగలు మాత్రం మిగిలాయి. అక్కడక్కడ గోధుమరంగు కాయలు గాలికి గరగరమంటున్నాయి. మూడు వారాలుగా నీటిచుక్క పడలేదు. ఆయన మడి తోటకి ఆ చివర, గేటు పక్కన. అందుకే కాపు అయిపోయాక ఏ ఏడాదీ ఇటు వచ్చి చూసుకోలేదు. తనని తాను నాలుగు తిట్టుకున్నాడు. ఆస్పత్రిలో పడున్న మనిషి లేచి వచ్చేసరికి మడి ఇంకొకరి పేర రాసి ఉంటే ఆవిడ ముఖం ఎలా చూడటం?

బుధవారం పొద్దున్నే పది మందిని పోగేశాడు. వాళ్లలో ముందు నిలబడినవాడు బావమరిది, బేకరీ నడుపుతాడు, తెల్లవారుజామున రొట్టెలు దించేసి ఒంటి నిండా పిండితో వచ్చాడు. కండక్టర్ భార్య కొంగు బిగించింది. ఇక ఆయన గొంతు లేచింది. "ఇద్దరు కర్రలు లాగండి. ఇద్దరు తీగలు పీకండి. దారిలో నిలబడొద్దు, ముందుకి జరగండి."

"బావా, మమ్మల్ని దించేది ఎక్కడో ముందే చెప్పు, పొయ్యి మీద పని వదిలేసి వచ్చాను," అన్నాడు బావమరిది. ఎండు కాయ ఒకటి తెంపి చెవి దగ్గర ఊపి చూశాడు. "ఇవి వంటకి పనికొస్తాయా?"

"ఆ ఎండు తొక్కలు ఎవరు తింటారు? లారీలో వెయ్యి."

వేశాడు. మున్సిపాలిటీ చెత్త లారీ వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది, పాదు మొత్తం అందులోకి ఎక్కేసింది. ఆ పది మందీ పన్నెండేళ్లుగా ఆ చిక్కుడు పండిస్తున్నవాళ్లే. ఒక్కరికీ అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? వాళ్ల పాదుల మీద కాయ ఎండేదాకా ఎప్పుడైనా ఉంటే కదా. లేత కాయకి సంతలో ఉన్న గిరాకీకి ఆఖరి కాయ దాకా కోసి అమ్మేస్తారు. పాదు పచ్చగా ఉండగానే పీకేసి పాలకూర చల్లుతారు. మళ్లీ ఏడాది గుడ్డసంచి కోసం టైలరక్క గుమ్మానికి వెళ్తారు. చిక్కుడు కాయ ఎండితే ఎలా ఉంటుందో వాళ్లు చేత్తో పట్టుకుని చూడటం అదే మొదటిసారి.

మధ్యాహ్నానికి పదిహేడో మడి పెళ్లికొడుకులా తయారైంది. తవ్వి, చదును చేసి, నీళ్లు కట్టి, నర్సరీ నుంచి తెచ్చిన బంతి నారు అంచున, వంగ నారు మధ్యలో నాటారు. గురువారం కొత్త అధికారి వచ్చింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో, పెద్దగా మాట్లాడదు, నడుస్తూ రాసుకుంటుంది. పన్నెండో మడి ముందు ఆగి ముఖం చిట్లించింది. పదిహేడో మడి దగ్గర మాత్రం "ఇది బాగుంది, ఎవరిది?" అంది. కండక్టర్ సంగతంతా చెప్పాడు. "మీరంతా కలిసి చూసుకుంటున్నారా?" అని ఆవిడ మొదటిసారి నవ్వింది. కండక్టర్ నెత్తిన పాలు పోసినట్టయింది.

సాయంత్రం పళ్లు కొనుక్కుని ఆస్పత్రికి వెళ్లాడు. ఆడవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం మీద టైలరక్క దిండ్లకి ఆనుకుని కూర్చుంది. మనిషి సగమైంది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"అక్కా, తనిఖీ అయిపోయింది. నీ మడి ఎక్కడికీ పోలేదు. పైగా బాగుందని ఆవిడే అంది."

టైలరక్క రెండు చేతులూ జోడించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తమ్ముడూ, ఇన్ని రోజులూ ఇక్కడ పడుకుని నాకు అదే బెంగ. పాత ఆఫీసరుకి తెలుసు. ఏటా తనిఖీకి ముందు నేనే వెళ్లి చెప్పేదాన్ని. అది చచ్చిన పాదు కాదయ్యా, విత్తనానికి వదిలాను, ఇంకో పది రోజులు ఆగండీ అని. ఈ కొత్తావిడకి ఎవరు చెబుతారా, ఎండింది చూసి లాగేసుకుంటుందేమో అనుకున్నాను. నువ్వు చెప్పావన్నమాట."

కండక్టర్ చేతిలో పళ్ల సంచి చేతిలోనే ఉండిపోయింది.

"ఇంకా ఏం అంది? కాయలు గలగలమంటున్నాయా లేదా? గలగలమంటేనే కొయ్యాలి. పచ్చి మీద కోస్తే మొలవవు. కింది కొమ్మలవి ముందు ఎండుతాయి, వాటిల్లోనే మంచి గింజ. నిరుడు ఆరుగురు కొత్తవాళ్లు చేరారని అడుగుబొడుగు కూడా దులిపి ఇచ్చేశాను, ఇంట్లో ఒక్క గింజ లేదు. చెప్పు, గలగలమంటున్నాయా?"

"అంటున్నాయక్కా," అన్నాడు కండక్టర్.

ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన మీద ఒక్క ఫిర్యాదు లేదు. ఆ ఒక్క మాటకి మాత్రం ఆయన తనని తాను ఈ రోజుకీ క్షమించుకోలేదు.

ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. భార్య ఏమైందని అడిగితే చెప్పాడు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేనే కదండీ ఆ తీగలు మడిచి మడిచి లారీలో తొక్కింది."

"నువ్వెందుకు, పీకమన్నది నేను."

"అది సరే, ఆవిడ అంత ఆశగా అడిగితే గలగలమంటున్నాయని ఎలా చెప్పారండీ?"



మర్నాడు మున్సిపల్ ఆఫీసుకి పరిగెత్తాడు, లారీ ఆచూకీ కోసం. లారీ చెత్త ఎప్పుడో యంత్రంలో పడి పొడి అయిపోయింది. విషయం విన్న అధికారి కలం కింద పెట్టింది. "ఒక్క ముక్క నాతో చెప్పి ఉంటే సరిపోయేది కదండీ. విత్తనానికి ఎండబెట్టిందాన్ని నేనెందుకు తీసుకుంటాను?" అంది. కోపంగా కాదు, జాలిగా అంది. కోపంగా అన్నా బాగుండేదనిపించింది కండక్టర్‌కి. పైగా ఆ ముక్క చెప్పాలంటే ముందు అది తనకి తెలియాలి కదా.

తర్వాత నలభై ఇళ్లూ తిరిగాడు. "పోయిన ఏడాది విత్తనాలు నాలుగేమైనా మిగిలాయా?" అని గుమ్మం గుమ్మానికీ అడిగాడు. అన్ని చోట్లా ఒకటే జవాబు. "మా దగ్గరెందుకుంటాయి? అక్క దగ్గర ఉంటాయిగా." ఒకావిడ గుడ్డసంచి మాత్రం భద్రంగా తీసి ఇచ్చింది. అందులో బొత్తాలు ఉన్నాయి. దుకాణాల్లో చిక్కుడు విత్తనాలకి కొదవ లేదు గాని, ఊదా అంచు ఉన్నది ఎక్కడా లేదు. టైలరక్కకి అది అత్తగారి చేతి నుంచి వచ్చిన విత్తనం. ఆ తల్లి ఈ లోకంలో లేక ఇరవై ఏళ్లు.

ఇక మిగిలింది నేల. పీకేటప్పుడు కాయలు పగిలి నాలుగు గింజలైనా రాలి ఉండవా అని ఆశ. భార్య వంటింటి జల్లెడ తెచ్చింది. ఇద్దరూ పదిహేడో మడిలో మోకాళ్ల మీద కూర్చుని, ముచ్చటపడి నాటిన బంతి నారు పీకి పక్కన పెట్టి, మట్టి దోసిళ్లతో ఎత్తి జల్లించారు. బేకరీ బావమరిది కూడా వచ్చి చేరాడు. ఎప్పుడూ వేళాకోళం ఆడే మనిషి ఆ రెండు పొద్దులూ కిక్కురుమనలేదు. ఆ కాయ చెవి దగ్గర ఊపింది తనే. గలగలమనడం విన్నదీ తనే. వినీ లారీలో వేశాడు.

నీళ్లు కట్టడం వల్ల చాలా గింజలు ఉబ్బి కుళ్లిపోయాయి. ముట్టుకుంటే పిండిలా నలిగిపోయాయి. మడి మొత్తం జల్లిస్తే గట్టిగా, నల్లగా, నడుమున తెల్ల గీతతో పదకొండు దొరికాయి. కండక్టర్ వాటిని తుడిచి, ఆరబెట్టి, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఆవిడ వాకర్ పట్టుకుని మడి దగ్గరికి వెళ్లి చూసేలోగా మీరే వెళ్లి చెప్పండి," అంది భార్య. "అక్కడ చూసి తెలుసుకుంటే ప్రాణం పోతుంది."

సోమవారం టైలరక్క ఇంటికి వచ్చింది. ఆ సాయంత్రమే కండక్టర్ వెళ్లాడు. కుట్టుమిషను మీద దుమ్ము పేరుకుని ఉంది. ఆవిడ ముందు గదిలోనే మంచం వేయించుకుని, వాకర్ పక్కన పెట్టుకుని పడుకుంది. ఆయన్ని చూసి లేచి కూర్చోబోయింది.

"లేవొద్దక్కా. నేను చెప్పేది విను, తర్వాత తిట్టు. కొట్టినా పడతాను."

నిలబడే చెప్పాడు, దేనికీ సాకు చెప్పకుండా. ఎండిందనుకున్నానన్నాడు, పీకించానన్నాడు, లారీ ఎక్కించానన్నాడు. ఆస్పత్రిలో నువ్వడిగితే అబద్ధం చెప్పానన్నాడు. బేకరీ బావమరిది కిక్కురుమనకుండా రెండు పొద్దులు తమతో మట్టి జల్లించాడని, దొరికినవి పదకొండేనని చెప్పాడు. జేబులోంచి కాగితం తీసి మంచం మీద విప్పాడు.

టైలరక్క ఆ గింజల్ని వేలితో ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది.

"ఎవరింట్లోనూ లేవా?"

"లేవక్కా."

"నలభై ఇళ్లలో?"

"అడగని గుమ్మం లేదు. అందరూ నీ దగ్గర ఉంటాయిగా అన్నారు."

ఆవిడ తల ఊపింది. తిడుతుందని కండక్టర్ ఎదురుచూశాడు. ఆవిడ తిట్టలేదు. దుప్పటి అంచు మడతపెడుతూ, ఎవరికో చెబుతున్నట్టు నెమ్మదిగా మాట్లాడింది.

"మొదటి ఏడాదే నా పక్క మడి నర్సమ్మ అడిగింది, అక్కా విత్తనం ఎలా కడతావో నాకూ చూపించవా అని. మాట మార్చేశాను. ఇంకో ఏడాది ఇంకెవరో అడిగారు. వాళ్లకీ చెప్పలేదు. అదేం బ్రహ్మవిద్య కాదు, నాలుగు కాయలు కోయకుండా వదిలేస్తే చాలు, చిన్నపిల్లలు కూడా చేస్తారు. అయినా చెప్పలేదు. ఎందుకో తెలుసా?"

కండక్టర్ తెలియదన్నట్టు చూశాడు.

"చెబితే ఎవరిది వాళ్లు దాచుకుంటారు. నా గుమ్మం ఎవరు తొక్కుతారు? బట్టలకి వచ్చేవాళ్లు కొలతలిచ్చి వెళ్లిపోతారు తమ్ముడూ. కూర్చునేది విత్తనాలకి వచ్చినవాళ్లే. మా ఆయన పోయాక ఈ ఇంట్లో నలుగురి మాట వినపడేది ఆ పది రోజులే. అవీ పోగొట్టుకోలేకపోయాను."

కండక్టర్‌కి ఏడుపు వచ్చేసింది. పాదు పీకినందుకు కాదు. పన్నెండేళ్లుగా ఈ వీధి మలుపు మీదుగా రోజుకి నాలుగుసార్లు నడిచి వెళ్తున్నాడు. ఈ గుమ్మం ఎక్కింది ఏడాదికి ఒక్కసారి, గుడ్డసంచి కోసం. అది ఇప్పుడు గుర్తొచ్చి మనిషి సిగ్గుతో కుంగిపోయాడు.

"నువ్వు పీకింది ఒక్క పాదు," అంది టైలరక్క. "అది పోతే ఊళ్లో ఇంకోటి లేకుండా చేసుకున్నది నేను. ఇద్దరం ఇద్దరమే."

ఆవిడ వేలితో గింజల్ని వేరు చేసింది. నాలుగు ఆయన వైపు జరిపింది.

"ఇవి నీకు."

"నాకొద్దక్కా. ఇంత చేసినవాడికి మళ్లీ నా చేతికే ఇస్తావా?"

"నీ చేతికే ఇవ్వాలి. ఇక మీదట ఎండిన పాదు ముందు నిలబడితే అందరికంటే ముందు ఆగేది నీ చెయ్యే. ఇవి నాలుగూ ఆ బేకరీ అబ్బాయికి, వాడూ బుద్ధి తెచ్చుకున్నాడంటున్నావు కదా. ఈ మూడూ నర్సమ్మకి. అడిగి అడిగి మానేసింది పాపం. రేపు ముగ్గురూ రండి. ఏ కాయ ఉంచాలో, ఎన్నాళ్లుంచాలో చెబుతాను. సంతలో ఎవరెంత బతిమాలినా ఆ కాయ కొయ్యకూడదు, అది ముందు నేర్చుకోవాలి మీరు."

నాలుగూ నాలుగూ మూడూ పదకొండు. కాగితం ఖాళీ అయింది.

"మరి నీకక్కా?"

"నాకా?" టైలరక్క వాకర్ వంక చూసి, ఆయన వంక చూసి నవ్వింది. "నాకు కావాల్సి వచ్చినప్పుడు నేనే మీ గుమ్మం ముందుకొచ్చి నిలబడతాను. కూర్చోమంటారు కదా?"

కండక్టర్ మిషను దగ్గరున్న స్టూలు మంచం పక్కకి లాక్కుని, తొందరేమీ లేనివాడిలా కూర్చున్నాడు.